మీరెవరి తాలూకండీ? – ఒక సైన్స్ ఫిక్షన్ ఆడియో నాటకం చేసిన నా అనుభవం

మా నాటకం "అద్దెకున్నవాళ్లు" ఆఖరి భాగం 2024 జులై 19న పాడ్‌కాస్టులో, యూట్యూబులో పెట్టేశాం. ఆరు భాగాలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు అటూ ఇటూగా. ఈ రెండు గంటల సరుకు కోసం తొమ్మిది నెలల పైన, 70,250 రూపాయలు, మా ఆయన ఓపిక మొత్తం ఖర్చయ్యాయి. మేమూ ఇలాంటిది చేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్లకి ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

అసలు కథ పుట్టింది విజయవాడలో, 2016లో, మేం అద్దె ఇంటి కోసం తిరుగుతున్నప్పుడు. ఒక ఇంటావిడ గదులన్నీ చూపించింది. నీళ్లు ఎన్నింటికి వస్తాయో చెప్పింది. అడ్వాన్సు మాట్లాడింది. తీరా వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి "ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?" అంది. చెప్పాను. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుంది, ఆవిడకి తేలలేదు. "మీవాళ్లెవరైనా ఇక్కడున్నారా?" అంది. తర్వాత "నాన్‌వెజ్ తింటారా?" అంది. మూడు ప్రశ్నలకీ నన్ను సంతలో వంకాయలా అటూ ఇటూ తిప్పి చూసి, "మా అబ్బాయిని అడిగి చెప్తాలే" అంది. ఇంటిపేరు అడిగేది ఇంటిపేరు కోసం కాదని మనందరికీ తెలుసు కదా. తిరిగి వస్తూ బస్సులో అనుకున్నాను: వేరే గ్రహం నుంచి ఎవరైనా వచ్చి మన మధ్య దాక్కుంటే, పట్టుకోడానికి మిలటరీ అక్కర్లేదు, ఈవిడ చాలు.

ఆ ముక్క ఏడేళ్లు అలాగే పడుంది. 2023 వినాయక చవితి సెలవుల్లో మా తమ్ముడు తాడేపల్లిగూడెం వస్తే వాడికి చెప్పాను. వాడికి సౌండు పిచ్చి. నాకు రాసే పిచ్చి. సినిమా తీసే స్తోమత ఇద్దరికీ లేదు. ఆడియో అయితే అంతరిక్ష నౌక కట్టక్కర్లేదు, చప్పుడు చేస్తే చాలు అన్నాడు. మా నాన్న రేడియో నాటకం వస్తుంటే ఇంట్లో ఎవరం గ్లాసు గట్టిగా కింద పెట్టినా ఊరుకునేవారు కాదు, అదొకటి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం పందిట్లో మైకు మోగుతుండగానే మొదటి పేజీ రాశాను.

కథ ఇదీ. ముగ్గురు వస్తారు. వాళ్ల వాహనం పాడైపోతుంది. జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో వాడకుండా వదిలేసిన ఒక పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టంలో, దాన్ని దాచి, పక్క ఊళ్లో పెంకుటిల్లు అద్దెకు తీసుకుంటారు. మొగుడు, పెళ్లాం, అత్తగారు అని చెప్పుకుంటారు. ఊరు ఊరుకోదు కదా.

వాళ్లు మన రేడియో తరంగాలు విని తెలుగు నేర్చుకున్నారని రాశాను. అందుకని పాలవాడితో కూడా "రాగల ఇరవై నాలుగు గంటల్లో మాకు ఒక లీటరు అవసరమయ్యే అవకాశం ఉంది" అంటారు. నాకు తెగ నచ్చేసింది. తమ్ముడు ఫిజిక్సు చదివాడు, చదివినవాడు ఊరుకోడు. "అక్కా, విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్, మీడియం వేవ్. అది ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పొర దాటి పైకి పోవడం కష్టం, అందుకే రాత్రిళ్లు తిరిగి కిందకొచ్చి ఎక్కడో దూరపు ఊళ్లలో వినపడుతుంది. బయటికి పోయేది ఎఫ్‌ఎమ్" అన్నాడు. అంటే మా వాళ్లు ఎఫ్‌ఎమ్ జాకీల దగ్గర తెలుగు నేర్చుకోవాలన్నమాట. ఆ ముగ్గురూ అరుగు మీద కూచుని "హాయ్ హాయ్ హాయ్, ఎలా ఉన్నారు బాబాయ్!" అని ఊరంతటినీ పలకరించడం ఊహించుకుని గంటసేపు నవ్వుకున్నాం. చివరికి, వాళ్లు దిగాక మూడు నెలలు బ్యారన్‌లోనే దాక్కుని, కాపలావాడు వదిలేసిపోయిన ట్రాన్సిస్టరు విని నేర్చుకున్నారని మార్చాను. దాంతో కథకి ఇంకో లాభం కలిగింది. రేడియోలో సెల్స్ అయిపోయిన చోట వాళ్ల తెలుగు ఆగిపోయింది. వ్యవసాయ కార్యక్రమం వరకూ వచ్చు, పెళ్లి పిలుపులు రావు.

స్క్రిప్టు నవంబరు ఆఖరుకి అయింది. మొదటి భాగం ముప్పై పేజీలు. గడియారం పెట్టుకుని పైకి చదివితే నలభై నిమిషాలు పట్టింది. సగం కోసేశాను. కోస్తుంటే తెలిసింది, ఆడియోలో ఒక మనిషి నిమిషంసేపు మాట్లాడకపోతే వాడు ఆ గదిలోంచి మాయమైపోయినట్టే. అరుగు మీద అయిదుగురు కూచున్నారని నేను రాసుకున్నాను, వినేవాడికి ఇద్దరే ఉన్నారు. అందుకని తలా ఒక చప్పుడు ఇచ్చాం. అత్తగారికి గాజులు, ప్రెసిడెంటు గారికి కిర్రు చెప్పులు, కొట్టాయనకి తాళాల గుత్తి. మాట లేకపోయినా చెప్పు కిర్రుమంటే మనిషి ఉన్నట్టు.

డిసెంబరు 5న అందరం కూచుని ఒకసారి చదువుకుందామనుకున్నాం. ఆ రోజే మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నటులు ఎవరూ రాలేదు, కరెంటు పోయింది. నేను దిగులుగా పడుకుంటే తమ్ముడు ఫోను తీసుకుని కిటికీ సందులో పెట్టి ఆ గాలి హోరు నలభై నిమిషాలు రికార్డు చేశాడు. నాలుగో భాగంలో తుపాను రాత్రి మీరు వినేది అదే. అంత గాలి ఎక్కడ కొనగలం?

చదువుకోవడం సంక్రాంతి తర్వాతకి పోయింది. మా వైపు జనవరిలో ఏ పనీ పెట్టుకోకండి. పండగ మూడు రోజులే గానీ మనుషులు దొరికేది ఇరవయ్యో తారీఖు దాటాకే.

ఈ లోపల తమ్ముడు ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే శబ్దాలు దించి మొదటి భాగం నమూనాగా కలిపాడు. "పల్లెటూరు, ఉదయం" అన్న పేరుతో ఉన్నదేదో వేశాడు. అమ్మకి వినిపించాం. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విని, "ఇదెక్కడి పిట్టరా?" అంది. నిజమే, అది ఏ యూరప్ పిట్టో. పిచ్చుక లేదు, కాకి లేదు, గోరింక లేదు. ఇంకో సంగతి, ఉచితం అన్నవన్నీ ఒక రకం కాదు. కొన్నిటికి ఏ షరతూ ఉండదు, కొన్నిటికి చేసినవాళ్ల పేరు చెప్పాలి, కొన్నిటిని డబ్బు వచ్చే పనికి వాడకూడదు. రేపు ఎప్పుడైనా ప్రకటన వేసుకుంటే ఆ మూడో రకం మెడకి చుట్టుకుంటుంది. దించుకునేటప్పుడే రాసి పెట్టుకోండి. మేం రాసుకోక, పది ఫైళ్లు ఎక్కడివో తేలక పారేశాం.

పిట్టల కోసం ఊరికి పోవాల్సిందే అని తేలింది. పాత రికార్డరు ఒకటి 7,500కి కొన్నాం. దాని మీద గాలి తగలకుండా బొచ్చు తొడుగు ఒకటి, 650. ఆ తొడుగు వేస్తే అది చచ్చిన ఉడతలా ఉంటుంది.

ఫిబ్రవరి 10, శనివారం రాత్రి జంగారెడ్డిగూడెంలో లాడ్జిలో దిగి, ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి ముందే చూసి పెట్టుకున్న ఊరు చేరాం. బడి పక్కన రావిచెట్టు, దాని వెనక పామాయిల్ తోట. తమ్ముడు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేయి చాచి ఉడతని చెట్టు వైపు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నేను పక్కన ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. మొదట కోడి. తర్వాత గుడి గంట. తర్వాత ఎక్కడో బోరు మోటారు ఎత్తుకుంది. ఆ పావుగంట ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అయిదుంపావుకి టార్చిలైటు మొహం మీద పడింది. నలుగురు మగవాళ్లు. ఒకాయన చేతిలో కర్ర ఉంది, పొలానికి పోయే కర్రే అనుకోండి, కానీ ఆ చీకట్లో నాకు అలా అనిపించలేదు.

"ఏంటండీ అది?"

"మైకండీ. పక్షుల అరుపులు రికార్డు చేసుకుంటున్నాం."

నిజం అంత పచ్చి అబద్ధంలా వినపడటం నాకు అదే మొదటిసారి.

"పక్షులవా? ఎందుకూ?"

"నాటకానికండీ."

"ఏం నాటకం?"

వేరే గ్రహం వాళ్లు మీ ఊళ్లో దొంగతనంగా కాపురం పెడతారండీ అని ఎలా చెప్పను? నోరు పెగల్లేదు. ఈలోపు ఇంకొకాయన "ఏ పార్టీ సర్వే?" అన్నాడు. ఎన్నికల ముందు రోజులు కదా. కర్ర ఆయన కొట్టిపారేశాడు: "పార్టీది కాదెహె, భూముల సర్వే. రోవర్ అదే." 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, పొలం కొలిచే రోవర్లు పట్టుకుని పొలాల్లో తిరిగినవాళ్లని వాళ్లు చూసే ఉన్నారు. "మొన్న కొలిస్తే మావాడికి పన్నెండు సెంట్లు తేడా వచ్చింది, మళ్లీ చీకట్లో వచ్చారేంటి?" అని ఆయన గొంతు పెంచాడు. తమ్ముడు రికార్డరు ఇంకా ఆపలేదు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, వాళ్లందరి చూపూ దాని మీదే. నాకు కాళ్లలో వణుకు మొదలైంది.

అప్పుడు అందరిలోకీ పెద్దాయన, అప్పటిదాకా మాట్లాడని ఆయన, నెమ్మదిగా అడిగాడు. "మీరెవరి తాలూకండీ?"

"తాడేపల్లిగూడెం అండీ."

"ఊరు కాదమ్మా. ఎవరి తాలూకని."

ఆఫీసు ఐడీ కార్డు తీశాను, చూడలేదు. ఆధార్ తీశాను, చూడలేదు. ఏం చెప్పాలో తోచక, మా మేనత్తని కొయ్యలగూడెంలో ఎరువుల కొట్టు వాళ్లకిచ్చారండీ అన్నాను. "ఎవరూ, బస్టాండు దగ్గర కొట్టా? ఎర్ర గేటు ఇల్లా?" అన్నాడు. అవునన్నాను. అంతే. టార్చి కిందకి దిగింది. "అలా చెప్పరేంటమ్మా ముందే!" పది నిమిషాల్లో మేం వాళ్ల అరుగు మీద టీ తాగుతున్నాం. నాటకం ఏంటని ఆ తర్వాత ఒక్కరూ అడగలేదు.

ఆ టీ నాకు సగమే దిగింది. ఒక ఎరువుల కొట్టు పేరు గుర్తు రాకపోతే ఏమయ్యేదో. నేను రాసుకున్న ముగ్గురికి అలాంటి మేనత్త ఎవరూ లేరు. నేను రాసిన మూడో భాగంలో ఊరి జనం వాళ్లని అనుమానించడానికి ఆకాశంలో వెలుగులు, చచ్చిన కోళ్లు, ఏవేవో పెట్టాను. అరుగు మీద కూచునే అవన్నీ మనసులోనే కొట్టేశాను.

ఆ ఇంటి మామ్మగారి గురించి చెప్పాలి. డెబ్భై అయిదేళ్లు పైమాటే. మాకు స్టీలు గ్లాసుల్లో మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూచుంది. నేను గ్లాసు ఎత్తి గొంతులో పోసుకున్నాను. తమ్ముడు బెంగళూరు అలవాటు, కరిచి తాగాడు. ఆవిడ ఏమీ అనలేదు. వాడు గ్లాసు కింద పెట్టాక, దాన్ని మిగతావాటితో కలపకుండా వేలితో పక్కకి జరిపి, "అబ్బాయి పట్నంలో పెరిగాడా?" అంది. తర్వాత అరగంటలో ఆవిడ ఒక్క ప్రశ్న కూడా సూటిగా అడగలేదు. మీ ఊళ్లో జాతర ఎప్పుడమ్మా అంది. మీ అమ్మ నూపప్పు పచ్చడి చేస్తుందా అంది. మా వైపు పెళ్లిళ్లు పగలే చేస్తారు, మీకో అంది. మా కులం, మా పొలం, మా నాన్న పోయిన సంగతి, నాకు పిల్లలు లేని సంగతి అన్నీ ఆవిడ దగ్గరికి చేరిపోయాయి. ఆవిడ అడిగిన తీరంతా కారులో మర్చిపోకముందే రాసుకున్నాను. రెండో భాగం, మూడో భాగం మళ్లీ మొదటినుంచి రాశాను. కొత్త మూడో భాగం మొత్తం ఒక గ్లాసు మంచినీళ్ల చుట్టూ తిరుగుతుంది.

మార్చి 2, 3 తేదీల్లో స్టూడియో. ఊరూ పేరూ ఎందుకులెండి. గంటకి 800 అన్నవాళ్లు, పార్టీల ప్రచార పాటలు వరసలో ఉన్నాయని 1,500 చేశారు. ఆరు గంటలకి 9,000. మా సీను మధ్యలో పక్క గదిలోంచి డప్పు వినపడేది. అంతా అయ్యాక ఫైళ్లు ఎమ్‌పీత్రీలో, అంటే కుదించి నాణ్యత తగ్గించి, ఇచ్చారు. అసలు వేవ్ ఫైళ్లు అడిగితే చెరిపేశాం అన్నారు. రికార్డింగు మొదలుపెట్టకముందే ఫైళ్లు ఏ రూపంలో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి, మీ హార్డ్‌డిస్కు మీరే తీసుకెళ్లండి. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. డబ్బు కోసం కాదు. మాస్టారు ఆ రోజు ఒక మాట అన్న తీరు మళ్లీ రాదని.

మాస్టారంటే ప్రెసిడెంటు పాత్ర వేసినాయన. నలభై ఏళ్లు పద్యనాటకాల్లో కృష్ణుడు కట్టిన మనిషి. ఆయన గొంతు ఆఖరి వరసలో బీడీ కాల్చుకునేవాడికి కూడా వినపడాలి, అదీ ఆయన లెక్క. మైకు ముందు "భయపడకండి, భోజనం చేసి ఫోన్ చేస్తాను" అనగానే భ, భో, ఫో మూడూ మూడు పిడిగుద్దుల్లా పడ్డాయి. జానెడు దూరంలో మైకు, దాన్ని నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివరకి కొంచెం పక్కగా పెడితే ఆ గాలి పక్కనుంచి పోతుంది. అది సరే, గొంతు తగ్గించమని ఆయనకి ఎలా చెప్పడం? "మాస్టారూ, ప్రేక్షకుడు ఒక్కడేనండీ, మీ భుజం మీద చెయ్యేసి కూచున్నాడు" అన్నాడు తమ్ముడు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అంటే రహస్యమన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఆయన మాట్లాడుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. చెరిగిపోయింది ఆ టేకే.

మామ్మగారి పాత్రకి స్టేజి నటి ఒకావిడని అనుకున్నాం. కానీ ఎంత చేసినా అసలు మామ్మగారిలా రాలేదు. మార్చి 23న మళ్లీ ఊరు బయలుదేరాం. అప్పటికి ఎన్నికల కోడ్ వచ్చి వారం అయింది. ఆధారాలు లేకుండా 50,000 దాటి నగదు ఉంటే పట్టుకుంటారని తెలిసి, ఇద్దరు నటులకి ఇవ్వాల్సిన 8,000 మాత్రమే పెట్టుకున్నాం. చెక్‌పోస్టు దగ్గర డిక్కీ తెరిపించారు. డబ్బు సంగతి పట్టించుకోలేదు. మామ్మగారి కోసం కొన్న చీర ఉంది, 1,350, అట్టపెట్టెలో. కానిస్టేబుల్ గారు పెట్టె తెరిచి, "ఒక్కటేనా?" అన్నారు. ఒక్కటే అన్నాను. "మిగతావి ఏ బండిలో వస్తున్నాయి?" అన్నారు. ఒక్క చీరే ఎందుకు కొన్నానో చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఉడత తొడుగు సంగతి వేరే.

మామ్మగారికి చదువు రాదు. కథ చెప్పి, "ఈ అబ్బాయి మీ పక్కింట్లో కొత్తగా దిగాడు, మీరు ఆరా తీయండి" అన్నాం. ఆవిడ తీసింది. అద్భుతం. మధ్యలో ట్రాక్టరు పోయింది. "మామ్మగారూ, అదే ఇంకోసారి అడగండి" అన్నాం. "మళ్లీ ఎందుకడగాలి, ఇందాకే చెప్పాడుగా?" అంది. ఎంత బతిమాలినా వినలేదు, తెలిసిన సంగతి మళ్లీ అడగడం ఆవిడకి చేతకాదు. ప్రతి టేకుకీ కొత్త ఊరు, కొత్త ఇంటిపేరు, కొత్త అబద్ధం పెట్టాల్సి వచ్చింది. మీకు నాటకంలో అక్కడక్కడ ట్రాక్టరు వినపడుతుంది, ఇదీ కారణం. ఆవిడ గొంతు వాడుకోడానికి ఒప్పుకోలు కూడా రికార్డు చేసుకున్నాం, మనవడి ఎదురుగా. డబ్బు ఇస్తే తీసుకోలేదు. చీర మాత్రం అంచు చూసి, మడత విప్పి చూసి, లోపల పెట్టింది.

సామాన్లు సర్దుకుంటూ ఊరికే అడిగాను. "నిజంగా ఎవరి తాలూకూ కానివాళ్లు వస్తే ఏం చేస్తారు మామ్మగారూ?" ఆవిడ వక్క నోట్లో వేసుకుని, "ఏముందీ, ఎవరో ఒకరి తాలూకు చేసేస్తాం" అంది. నేను రాసుకున్న ముగింపులో వాళ్లు తెల్లారేలోగా పారిపోతారు. అది తీసేశాను. ఇప్పుడు ఆరో భాగంలో ఊరంతా వాకిట్లో నిలబడితే, పక్కింటి మామ్మ బయటికొచ్చి వాళ్లు మా చెల్లెలి తోటికోడలి తాలూకు అని నిబ్బరంగా అబద్ధమాడుతుంది. ఎందుకాడిందో నాటకంలో చెప్పలేదు. నన్నడిగినవాళ్లకీ చెప్పలేదు, నాకూ పూర్తిగా తెలియదు.

మరుసటి రోజు పాత బ్యారన్‌లో రికార్డు చేశాం. ఏళ్లుగా వాడటం లేదు అన్నారు గానీ లోపల పొగాకు ఘాటుకి గంటకే తల తిరిగింది. చప్పట్లు కొడితే మోత గోడలంట పైకి పాకి కాసేపటికి దిగేది. ఆ మోత ఏ సాఫ్ట్‌వేరులోనూ రాదని తమ్ముడు చప్పట్లు కొట్టిందే కొట్టాడు. నడకలన్నీ కోకో తోటలో. కోకో ఎండుటాకు మందంగా పరుచుకుని ఉంటుంది, అడుగు పడితే కరకరమని మైకు పరవశించిపోతుంది.

స్టూడియోలో పోయిన సీన్లు ఏప్రిల్లో మా పడకగదిలోనే చేశాం. గోడలకి పరుపులు, తలుపుకి బొంత. పగలు పాత ఇనప సామాన్లు కొంటామనే ఆటో, కుక్కరు విజిళ్లు, కోయిల. అందుకని రాత్రి పదకొండు నుంచి మూడు వరకు. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఏప్రిల్లో తలుపులు మూసిన గదిలో ఆరుగురు మనుషులు ఎలా ఉంటారో ఊహించుకోండి. మాస్టారు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ప్రెసిడెంటుగా గర్జించారు. ఒక రాత్రి ఫ్రిజ్ మళ్లీ వేయడం మర్చిపోయాం. పొద్దున మూడు లీటర్ల పాలు, మా అత్తగారు పెట్టుకున్న దోసెల పిండి పోయాయి. ఆవిడ వారం మాట్లాడలేదు. నటులు ఏడుగురికీ కలిపి 30,000 ఇచ్చాం. కానీ భోజనాలకి 8,450 అవుతుందని అనుకోలేదు, ప్రయాణాలకి కూడా అంత కాలేదు. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గది నిశ్శబ్దం కూడా రికార్డు చేసుకోండి. మాటల మధ్య అతుకులు కనపడకుండా పూడ్చేది అదే.

ఎడిటింగు ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా. ఒక్క నిమిషానికి మూడు గంటలు పట్టింది. మొదట్లో వెనకాల రొద తీసేసే టూలు దొరికిందని తెగ వాడాం, అందరూ నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టు తయారయ్యారు. మొదటి భాగం అంతా మళ్లీ చేశాం. నౌక చప్పుడుకి అమ్మ గ్రైండరు తిరిగే రొదని నాలుగో వంతు వేగానికి తగ్గించాం. హెడ్‌ఫోన్లలో వింటే గుండెల్లో మోగింది. వాళ్లు తమ భాషలో మాట్లాడుకునేది ఇత్తడి బిందెలో మొహం పెట్టి పలికినవి. గర్వంగా అమ్మ ఫోన్లో వినిపిస్తే నౌక అసలు వినపడలేదు. అంత కింది స్థాయి శబ్దం ఫోను స్పీకరు పలకలేదు. మన వాళ్లు వినేదేమో ఫోన్లో. తిరగేసిన సైకిలు చక్రంలో పుల్ల పెట్టి తిప్పిన చప్పుడు పైన కలిపితే అప్పుడు దిగింది నౌక. మొత్తం శబ్దం స్థాయి మైనస్ 16 LUFS (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గర పెట్టాం, పాడ్‌కాస్టులకి అదీ లెక్క. ముఖచిత్రం 1,200 పిక్సెళ్లు ఉందని వెనక్కొచ్చింది, 3,000 చేసి పంపితే తీసుకున్నారు.

జూన్ 4న ఎన్నికల ఫలితాలు. ఆ వారం దేవుడొచ్చి మాట్లాడినా ఎవరూ వినరని ఆగి, జూన్ 14న మొదటి భాగం పెట్టాం. పది రోజుల్లో విన్నది 212 మంది. అందులో బంధువులెంతమందో లెక్కేసుకోలేదు. ఎవరో ఫైలు విడిగా తీసి వాట్సాప్‌లో తిప్పారు. మా పిన్ని "బాగుంది, విను" అని నా నాటకమే నాకు పంపింది, ముందు మా పేర్లు చదివే భాగం కోసేసి ఉంది. కోపం వచ్చింది. తర్వాత ఎన్ని చేతులు మారి ఆవిడ దగ్గరికి చేరిందో అనుకుంటే కోపం కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు.

మామ్మగారికి మనవడి ఫోన్లో రెండు భాగాలు వినిపించారట. పోయిన వారం ఆ అబ్బాయి ఫోను చేసి ఆవిడకిచ్చాడు. తన గొంతు గురించి ఏమీ అనలేదు. నౌక గురించి, గ్రహం గురించి కూడా అనలేదు. "రెండో దాంట్లో ఆవు అరిచింది అన్నారు చూడూ, అది ఆవు కాదమ్మా, గేదె దూడ. తల్లి కోసం అరుస్తోంది" అంది. తమ్ముడు చీకట్లో తీసిన శబ్దం అది, చూసుకోలేదు. పాడ్‌కాస్టులో ఫైలు మార్చే వీలుంది కాబట్టి అసలు ఆవుని వెతికి పెట్టాం. యూట్యూబులో ఒకసారి ఎక్కించినదాన్ని తీసి ఇంకోటి పెట్టనివ్వరు. అక్కడ మాత్రం ఆ దూడ ఇంకా తల్లి కోసం అరుస్తూనే ఉంది.